ఒకే ఎక్స్‌రేకు నాలుగు ధరలు

పిల్లలూ, మీలో సైకిలు మీదినుంచి ఒక్కసారైనా పడనివాళ్ళు ఉన్నారా? ఉంటే వారికి సైకిలు తొక్కడం రాదన్నమాట!

2023 వేసవిలో నేను అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఉంటున్న మా అమ్మాయి యింటికి వెళ్ళాను. మా మనవడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఒకనాటి రాత్రి వాడు, అంత ఉక్కలోనూ, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని వచ్చి, ఎడమచేత్తో చెంచా పట్టుకుని అన్నం తిన్నాడు. ముప్పై అయిదేళ్ళు బడిపిల్లలను చూసిన కళ్ళు గనక నాకు అనుమానం వచ్చింది. మెల్లగా చొక్కా చెయ్యి పైకి లాగి చూశాను. కుడి మణికట్టు వాచి ఉన్నది.

"ఎప్పుడు పడ్డావురా?" అన్నాను.

"నిన్న, తాతయ్యా. అమ్మతో చెప్పకు. ఎక్స్‌రే తీయించాలంటుంది. అప్పుడు బిల్లు వస్తుంది."

క్రిందటి నెలలో వాడి నాన్న మోకాలికి ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకున్నాడట. తరవాత వచ్చిన బిల్లు చూసి పెద్దవాళ్ళిద్దరూ రాత్రి చాలాసేపు మథనపడ్డారు. అదంతా పక్కగదిలో పడుకుని వీడు విన్నాడు. (పిల్లలు నిద్రపోయారని మనం అనుకునే వేళలోనే వాళ్ళ చెవులు బాగా పని చేస్తాయి. ఈ మాట తల్లిదండ్రులకు.)

అమ్మాయికి చెప్పక తప్పలేదు. ఆమె ముందు చెయ్యి చూసింది. వేళ్ళు బాగానే కదులుతున్నాయి, తిమ్మిరి లేదు, చెయ్యి వంకర పోలేదు. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా లెక్కలు పక్కన పెట్టి అప్పటికప్పుడే ఆసుపత్రికి పరుగెత్తాలి. డాక్టరు ఆఫీసులో రాత్రివేళ సలహా చెప్పే నర్సుకు ఫోను చేస్తే, అట్టముక్క దన్నుగా పెట్టి కట్టు కట్టండి, పొద్దున్నే తీసుకురండి అన్నది.

"మాకు బీమా ఉన్నది, నాన్నా. నెల నెలా ప్రీమియం కడుతూనే ఉన్నాం. మరి మోకాలి బిల్లు ఎందుకు వచ్చిందో నాకూ సరిగా అర్థం కాలేదు," అన్నది అమ్మాయి. పెద్ద యింజనీరు! అయితే ఆ కాగితాలు పట్టుకురమ్మన్నాను. మనవణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాను. బిల్లు పేరు చెప్పి చెయ్యి దాచుకున్నవాడికి బిల్లంటే ఏమిటో తెలియాలి కాదా?

ఎక్స్‌కిరణాలను జర్మనీలో రాంట్‌జెన్ అనే శాస్త్రజ్ఞుడు 1895 నవంబరు 8న కనిపెట్టాడు. ఆ డిసెంబరులోనే తన భార్య చేతి ఎముకలను, వేలి ఉంగరంతో సహా, బొమ్మ తీశాడు. ఆయన దానిమీద పేటెంటు తీసుకోలేదు. భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి, 1901లో, ఆయనకే వచ్చింది. ఆ సొమ్ము కూడా తన విశ్వవిద్యాలయానికే యిచ్చివేశాడు. అంటే కిరణాలకు ఎవరికీ బాకీ లేదు. మనం డబ్బిచ్చేది యంత్రానికి, సీసపు రేకులు తాపిన గదికి, బొమ్మ తీసే టెక్నీషియనుకు, ఆ బొమ్మను పరీక్షించి రిపోర్టు వ్రాసే రేడియాలజిస్టు డాక్టరుకు. అమెరికాలో చాలాచోట్ల ఈ డాక్టరు బిల్లు వేరే కవరులో వస్తుంది. మా అల్లుడికి రెండు కవర్లు రావడానికి కారణం అదే.

ఇక ధర సంగతి. లెక్క సులువుగా ఉండడానికి సున్నాలతో ముగిసే అంకెలు వేసుకుందాం. ఆసుపత్రి పట్టికలో ఎక్స్‌రే ధర 400 డాలర్లు అనుకోండి. బీమా కంపెనీ ఆ ఆసుపత్రితో ముందే బేరమాడి, తన చందాదారులకు 150 డాలర్లే అని ఒప్పందం చేసుకున్నది. ఇంతవరకు బాగానే ఉన్నది. కాని ఆ 150 కంపెనీ యిస్తుందనుకుంటే పొరపాటే! ఏటా మొదట కొంత మొత్తం మన జేబులోంచే పెట్టుకోవాలనే షరతు చాలా పాలసీలలో ఉంటుంది. దాన్ని డిడక్టిబుల్ అంటారు. అది 2,000 డాలర్లు అనుకుంటే, ఆ 2,000 పూర్తయ్యేదాకా 150 డాలర్లూ మనమే యిచ్చుకోవాలి. పూర్తయిన తరవాత కంపెనీ నూటికి 80 వంతులు యిస్తే, మనకు పడేది 30.

"మరి బీమా లేనివాళ్ళు 400 యివ్వాలా?" అని అడిగాడు మనవడు.

పట్టిక ప్రకారం అంతే. కాని రొక్కం చెల్లించేవారికి వేరే ధర ఉంటుంది. అది 120 కావచ్చు. ఒక్కొక్కప్పుడు బీమా కంపెనీ బేరమాడిన ధరకంటె కూడా అదే తక్కువ! అయితే బీమా ఉన్నవాళ్ళు అలా రొక్కమిచ్చి తీయించుకుంటే, ఆ డబ్బు సాధారణంగా డిడక్టిబుల్ లెక్కలోకి రాదు. 2022 జనవరి 1 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, బీమా లేనివారు ముందుగా అడిగితే ఖర్చు అంచనా కాగితం మీద యివ్వవలసిందే. బిల్లు ఆ అంచనాకు 400 డాలర్లు, ఆపైన మించితే ఫిర్యాదు చేయవచ్చు.

కాబట్టి ఒక్క బొమ్మకు 400, 150, 30, 120 అని నాలుగు ధరలు! ఏ కొట్టులోనైనా వంకాయలు యిలా అమ్మితే ఊరుకుంటామా?

మన దేశంలో ప్రభుత్వాసుపత్రులలో ఎక్స్‌రే ఉచితంగా తీస్తారు గాని, అక్కడ వరస పొడుగు. ఇక బీమా మాట. మనవాళ్ళు కట్టే మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరినప్పుడు పనికివస్తాయి. చేరకుండా తీయించుకునే ఎక్స్‌రేకు, పాలసీలో ప్రత్యేకంగా ఉంటే తప్ప, డబ్బు రాదు. ఒకవేళ తరవాత అదే జబ్బుకు ఆసుపత్రిలో చేరవలసి వస్తే, అంతకు ముందు నెల రోజులలో అయిన పరీక్షల ఖర్చు చాలా పాలసీలు తిరిగి యిస్తాయి. అందుచేత రశీదు పారవేయకండి. మీ యింట్లో ఏ పాలసీ ఉన్నదో, అందులో ఏమున్నదో నాన్ననడిగి చదవండి. నాన్న కూడా అప్పుడే మొదటిసారి చదవవచ్చు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి రెండు చోట్లకు ఫోను చేసి, తమ కంపెనీతో ఒప్పందం ఉన్నదా, ధర ఎంత, డాక్టరు రిపోర్టు అందులో కలిసే వస్తుందా అని అడిగింది. పెద్దాసుపత్రిలో కాక, ఎక్స్‌రేలు మాత్రమే తీసే చిన్న కేంద్రంలో మోకాలి బిల్లులో సగంకూడా కాలేదు. ఎముక విరగలేదు, పచ్చికొమ్మ వంచితే ఒక వైపు నలిగినట్టు నలిగింది. పిల్లల ఎముకలకు అలా జరుగుతూ ఉంటుంది. మూడు వారాలు కట్టు వేశారు.

డాక్టరు బొమ్మను తెరమీద చూపించాడు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయని నేను ముందే చెప్పి ఉంచాను. మనవడు వేలు పెట్టి లెక్కపెట్టి, "తాతయ్యా, ఏడే ఉన్నాయి. ఒకటి సైకిలు దగ్గర పడిపోయిందా?" అని కంగారుపడ్డాడు.

డాక్టరు నవ్వాడు. ఎనిమిదవది యింకా మృదులాస్థిగానే ఉన్నది. గట్టిపడితేగాని ఎక్స్‌రేలో కనిపించదు. చాలామందికి ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య అది తయారవుతుంది.