కారు రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదా? ఫోన్‌తో ఇంట్లోనే ఇలా చెక్ చేయండి

ఎండాకాలంలో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఏసీ వేసుకుని ప్యాసింజర్ కోసం ఆగి ఉన్న క్యాబ్‌కి ఎదురుగాలి ఉండదు. అప్పుడు రేడియేటర్‌లోని వేడిని బయటికి పంపే పని మొత్తం ఎలక్ట్రిక్ ఫ్యాన్‌దే. అది ఆగిపోయినా పట్టించుకోకుండా నడిపితే హెడ్ గాస్కెట్ దెబ్బతింటుంది. ఆ బిల్లు ఓ మంచి ఫోన్ ధరను ఈజీగా దాటేస్తుంది.

మా చిన్నాన్న ఎయిర్‌పోర్ట్ రూట్‌లోనే క్యాబ్ నడుపుతారు. ఆయన కారుకి ఇదే సమస్య వస్తే గ్యారేజీలో ఫ్యాన్ అసెంబ్లీ మొత్తం మార్చాలన్నారు. మార్చే ముందు నేను ఇంటి దగ్గర చెక్ చేశాను. ఆ స్టెప్స్ ఇవే.

ముందు జాగ్రత్త

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు. లోపల ప్రెజర్‌లో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా ఫ్యాన్ తిరగొచ్చు కాబట్టి చేతులు దూరంగా ఉంచండి. సెల్లార్‌లో కాకుండా బయట గాలి తగిలే చోట చేయండి.

1. రోడ్డు మీదే సగం క్లూ

ఆరాంఘర్ ట్రాఫిక్‌లో టెంపరేచర్ పెరిగి, ఔటర్ ఎక్కి స్పీడ్ అందుకోగానే తగ్గిపోతోందా? అయితే మొదటి అనుమానం ఫ్యాన్ మీదే. స్పీడ్‌లో కూడా వేడెక్కుతుంటే కూలెంట్ లెవెల్, థర్మోస్టాట్, వాటర్ పంప్ చూడాలి. చిన్నాన్న కారుది మొదటి కేసు.

2. ఏసీ టెస్ట్

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి ఏసీ ఆన్ చేయండి. చాలా కార్లలో కొన్ని సెకన్లలోనే ఫ్యాన్ తిరగాలి. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే సెన్సార్ వైపు చూడాలి. రెండింటికీ తిరగకపోతే ఫ్యూజ్, రిలే, వైరింగ్, మోటార్‌లో ఏదో ఒకటి. రెండు ఫ్యాన్లున్న కారైతే రెండూ గమనించండి.

3. ఫోన్‌లో అసలు టెంపరేచర్

డ్యాష్‌బోర్డు మీద సూది కచ్చితమైన నంబర్ చెప్పదు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ పోర్టుకి బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, టార్క్ లాంటి యాప్‌లో కూలెంట్ టెంపరేచర్ ఓపెన్ చేయండి. ఏసీ ఆపేసి ఐడిల్‌లో ఉంచితే, చాలా కార్లలో 95 నుంచి 100 డిగ్రీల మధ్య ఫ్యాన్ ఆన్ అయి, కాస్త తగ్గాక ఆగుతుంది. 105 వచ్చినా తిరగకపోతే వెంటనే ఇంజిన్ ఆపేయండి. యాప్‌లో ఎర్రర్ కోడ్లూ చూడండి. పీ0480 వస్తే ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్, పీ0117 లేదా పీ0118 వస్తే టెంపరేచర్ సెన్సార్ సర్క్యూట్.

4. ఫ్యూజ్, రిలే

ఇంజిన్ ఆపి, బానెట్ కింద ఫ్యూజ్ బాక్స్ మూత మీదున్న బొమ్మ చూసి ఫ్యాన్ ఫ్యూజ్ తీయండి. మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడండి. పోతే అదే ఆంపియర్లది వేయాలి, ఎక్కువది వేస్తే వైర్లు కాలతాయి. కొత్తదీ వెంటనే పోతే మోటార్ జామ్ అయి ఉండొచ్చు లేదా వైరింగ్‌లో షార్ట్ ఉండొచ్చు.

తర్వాత రిలే. అదే బాక్స్‌లో హార్న్ రిలే మీద సరిగ్గా అదే నంబర్ ఉంటే రెండూ మార్చి పెట్టి చూడండి. చిన్నాన్న కారులో ఫ్యూజ్ బాగానే ఉంది. రిలే మార్చి ఏసీ వేయగానే ఫ్యాన్ తిరిగింది! హార్న్ మాత్రం మూగబోయింది. దొంగ దొరికినట్టే.

5. మోటార్, సెన్సార్

రిలే కూడా బాగుంటే ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, మధ్యలో ఫ్యూజ్ ఉన్న లావు వైర్లతో బ్యాటరీ 12 వోల్టులు నేరుగా ఇవ్వండి. తిరిగితే తప్పు వైరింగ్‌లో ఉంది. తిరగకపోతే మోటార్ పోయినట్టే. ఫ్యాన్‌లోనే కంట్రోల్ మాడ్యూల్ ఉన్న కొత్త కార్లలో ఈ టెస్ట్ చేయొద్దు.

సెన్సార్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. చల్లారిన ఇంజిన్‌లో యాప్ రీడింగ్ బయటి వేడికి దగ్గరగా ఉండాలి. మైనస్ 40 చూపిస్తే సెన్సార్ కనెక్షన్ తెగినట్టు లెక్క.

నా సలహా

ఫ్యూజ్, రిలే వరకు ఎవరైనా చేసుకోవచ్చు. మోటార్ మార్చడం, వైరింగ్ రిపేర్ మెకానిక్‌కే వదిలేయండి. కానీ ఏది పోయిందో తెలుసుకుని వెళ్లండి. చిన్నాన్నకు అయిన ఖర్చు ఒక్క రిలేదే, అసెంబ్లీది కాదు.