ప్రాచీన రోమక గృహమున తల్లి స్థానము

రోమకుల “ఫమీలియా” యను పదమునకు కుటుంబమని యర్థము చెప్పుట వాడుకయేగాని, యది సమగ్రము కాదు. ఒక గృహయజమానుని యధికారమునకు లోబడిన సంతానము, మనుమలు, దాసులు మాత్రమే గాక ఆస్తియు నందు చేరియుండెను. ఆ యజమానునికి “పాటర్ ఫమీలియాస్” అని పేరు. అతడు జీవించియున్నంతకాలము కుమారుడు ఏబది యేండ్లవాడైనను, కాన్సలు పదవి నధిష్ఠించినను, స్వంత ఆస్తి లేనివాడే. తండ్రి యనుమతితో “పెకూలియుం” అను కొంత సొమ్మును నిర్వహించుకొనవచ్చును. దాసులకును ఇట్టి యేర్పాటే కలదు.

తండ్రి యధికారమును గూర్చి చరిత్రకారులు విస్తారముగా వ్రాసిరి. అంతకంటె విచిత్రమైనది తల్లి స్థితి.

రోమున వివాహము రెండు విధములు. మొదటి విధమున వధువు “మానుస్” అనబడు భర్త యధికారమునకు లోబడి, పుట్టినింటితో చట్టసంబంధము వదలుకొని, భర్తకు కుమార్తెతో సమానురాలై, తన బిడ్డలతోపాటు అతని యాస్తిలో భాగము పొందును. రెండవ విధమున కాపురము భర్త యింట, అధికారము తండ్రిది. క్రీ.పూ. 1వ శతాబ్ది నాటికి ఈ రెండవదియే ప్రబలెను. పెండ్లితో ఇంటిపేరును గోత్రమును మారు సంప్రదాయమున పెరిగినవారికి ఇది వింతగా తోచును. కొర్నేలియసు వంశమున పుట్టిన కొర్నేలియా, సెంప్రోనియసు వంశీయుడగు గ్రాకసును పెండ్లాడి పండ్రెండుగురు బిడ్డలను కన్నను, తుదివరకు కొర్నేలియాయే.

ఈ పద్ధతివలన స్త్రీకి లాభము లేకపోలేదు. తండ్రి మరణించిన పిమ్మట ఆమె తన వాటాకు తానే యజమానురాలు. కొన్ని కార్యములకు మాత్రము సంరక్షకుని సమ్మతి వలయును. భర్తకు ఆ యాస్తిపై హక్కు లేదు. దంపతులు ఒకరికొకరు ఆస్తిని దానమిచ్చుకొన్నను చెల్లదు. అయితే విడాకులైనచో బిడ్డలు తండ్రి యింటివారు. తల్లి వీలునామా వ్రాయక మరణించినచో ఆమె సోదరుల హక్కు ముందు. కడుపున పుట్టినవారిది తరువాత. తండ్రి లేని కుమారుడు నిస్సంతుగా, వీలునామా లేక మరణించినను, తండ్రివైపు జ్ఞాతుల తరువాతనే తల్లి. నవమాసములు మోసిన తల్లి చట్టము దృష్టిలో దూరపు బంధువు!

హేడ్రియను చక్రవర్తి (క్రీ.శ. 117-138) కాలపు సెనేటు తీర్మానము, ముగ్గురిని కన్న స్వతంత్ర స్త్రీకిని, నలుగురిని కన్న విముక్త దాసికిని, బిడ్డ యాస్తిపై వారసత్వము కల్పించెను. క్రీ.శ. 178 నాటి తీర్మానము తల్లి యాస్తికి బిడ్డలనే ప్రథమ వారసులను గావించెను. ఇంతపాటి న్యాయమునకు శతాబ్దములు పట్టినవి.

ఇక నిత్యజీవనము చట్టమువలె నడచినదని తలపరాదు. భార్యను విందునకు తోడ్కొనిపోవుటకు రోమకుడు సిగ్గుపడడనియు, ఇంట అగ్రస్థానము గృహిణిదే యనియు, గ్రీకుల యాచారము ఇట్టిది కాదనియు క్రీ.పూ. 1వ శతాబ్ది రచయిత కొర్నేలియసు నేపోసు వ్రాసియున్నాడు.

ఆ శతాబ్ది చివర రోములో ఒక భర్త తన భార్య గుణగణములను శిలపై చెక్కించెను. ఆమె పేరు శిలపై నిలువలేదు. “తురియా” యనునది పండితుల యూహ. వారి దాంపత్యము 41 ఏండ్లు సాగెను. సంతానము కలుగలేదు. విడాకు లిచ్చి మరియొకరిని పెండ్లాడుమనియు, పుట్టబోవు బిడ్డలను తనవారిగనే చూచుకొందుననియు, ఇరువురి యాస్తిని విడదీయ నక్కరలేదనియు ఆమెయే భర్తతో చెప్పెను. ఆ మాట విని తాను కోపమున నొడలు మరచితినని అతడు చెక్కించినాడు.