ఊరికి పోయే సంచిల ఒక బొమ్మల నోటుబుక్కు

నాందేడ్‌ల చలి మొదలైతే చాలు, మన గల్లీలల్ల మాటలన్నీ ఊరి మీదికే పోతయి. ఎవరెవరు ఎప్పుడు పోతున్నరు, నిజామాబాద్ బండిల సీటు దొరుకుతదా, సకినాలకు కొత్త బియ్యం ఎవరు పట్టిస్తరు, ఇవే ముచ్చట్లు. ముద్ఖేడ్, ఉమ్రి, ధర్మాబాద్ దాటి బాసర కాడ గోదావరి బ్రిడ్జి వచ్చిందంటే పిల్లలంతా కిటికీ కాడికి ఉరుకుతరు. ఇక్కడి బడులకు దీపావళి సెలవులే పెద్దవి, సంక్రాంతికి దొరికేది తక్కువ. అయినా నాలుగు రోజులు ఎట్లనో సర్దుకొని పోతనే ఉన్నం.

ఈసారి ఆ ప్రయాణంల ఒక్క సంగతి గురించే రాస్తున్న. మన ఇండ్లల్ల బొమ్మలు గీసే పిల్ల ఎవరో ఒకరు ఉంటరు. లెక్కల నోటుబుక్కు ఎనక పేజీల గీస్తది, గోడ మీద బొగ్గుతోని గీస్తది. ఊరికి పోయినప్పుడు ఆ పిల్లను మనమేమంటం? "సెలవులొచ్చినయి, ఆ పుస్తకం పక్కకు పెట్టి అందరితోని ఆడుకో" అంటం. నేననేది ఏందంటే, బొమ్మలు గీసేటోళ్ళకు అసలు పని ఊర్లనే దొరుకుతది. చెయ్యి తిరుగుడు బడిల నేర్చుకోవచ్చు. ఏం గీయాలె అన్నది మాత్రం మన మనుషుల నడుమనే దొరుకుతది.

దీనికి పెద్ద సాక్ష్యం తోట వైకుంఠం. పేరు తెల్వకపోయినా ఆయన బొమ్మలు మీరు క్యాలెండర్ల మీదనో పేపర్లల్లనో చూసే ఉంటరు. నల్లటి నిగనిగలాడే తెలంగాణ ఆడోళ్ళు, నుదుటి మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు, ముక్కుపుడక, ఎర్ర చీర, పక్కన చిలుక. ఆయన 1942ల పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిల పుట్టిండు. చిన్నప్పుడు ఊరికి నాటకాలోళ్ళు వచ్చేటోళ్ళు. మొగోళ్ళే చీరలు కట్టి, రంగులు పూసుకొని ఆడ వేషం ఎయ్యంగ కండ్లార్పకుండ చూసేటోడట.

ఊరి నుంచి హైదరాబాద్ పోయి బొమ్మల కాలేజీల చదివిండు. అది అయినంక, 1970 తర్వాత, లలిత కళా అకాడెమీ ఇచ్చిన ఫెలోషిప్ మీద గుజరాత్‌ల బరోడాకు పోయిండు. అక్కడ ఆయనకు గురువు కె.జి. సుబ్రమణ్యన్. ఆ గురువు కేరళల పుట్టి, శాంతినికేతన్‌ల చదివినాయన. మట్టి బొమ్మలు చేసేటోళ్ళ పని, పల్లెటూరోళ్ళ పటాలు, ఆటవస్తువులు, వీటన్నిట్ల కూడా పెద్ద విద్య ఉన్నదని నమ్మినాయన. ఆయన కాడ చదివినంక వైకుంఠం చూపు మళ్ళ సొంత ఊరి దిక్కే తిరిగింది. బరోడాల నేర్చుకున్న చెయ్యితోని బూరుగుపల్లి ఆడోళ్ళను గీసిండు. ఆ బొమ్మలల్ల తన తల్లి పోలికలే ఉంటయని ఆయనే చెప్తడు.

పేరు ఒక్కరోజుల రాలేదు. శానా ఏండ్లు బొగ్గుతోని, పెన్సిల్‌తోని గీసుకుంటనే ఉన్నడు. బి. నర్సింగరావు తీసిన "దాసి" సినిమాకు కళా దర్శకుడు వైకుంఠమే. నిజాం కాలంల ఒక దొర గడిల పని చేసే దాసి కథ అది. 1988 సంవత్సరం జాతీయ సినిమా అవార్డులల్ల ఆ ఒక్క సినిమాకు ఐదు వచ్చినయి, అండ్ల ఒకటి ఈయనకు. ఆ గడి ఎట్లుండె, దాసి ఎట్ల కూసుంటుండె, చీర ఎట్ల చెక్కుతుండె అన్నది ఏ పుస్తకంల దొరుకుతది? ఊర్ల పెరిగిన కండ్లకే తెలుస్తది. చిత్రకళల జాతీయ అవార్డు 1993ల వచ్చింది. అప్పటికి ఆయనకు యాభై దాటింది. ఇయ్యాల ఆ బొమ్మలు లక్షల రూపాయలకు అమ్ముడుపోతయి. కానీ ఆ బొమ్మల ఉన్నది బీదింటి ఆడామె. మన అమ్మలాంటి ఆమె.

ఊరు ఇడిచి పోకుండనే ఇదే పని చేసినాయన ఇంకొకరున్నరు, సిద్దిపేట కాపు రాజయ్య. 1925ల పుట్టి 2012ల పోయిండు. డ్రాయింగ్ సారు కొలువు చేసుకుంటనే బోనాలు, బతుకమ్మ, పొలం పనులు, మన పండుగలన్నీ రంగులల్ల పెట్టిండు. ఒకాయన దూరం పోయి మళ్ళ ఊరి దిక్కు చూసిండు, ఒకాయన ఊర్లనే ఉండి చూసిండు. ఇద్దరికీ సరుకు ఇచ్చింది మాత్రం ఊరే.

మనది నేత కులమనీ, మిల్లు బతుకనీ, బొమ్మలు మనకెక్కడియి అని అనుకోవద్దు. నా చిన్నప్పుడు మా ఊరికి చలికాలంల కూనపులోళ్ళు వచ్చేటోళ్ళు. మన పద్మశాలోళ్ళకు మార్కండేయుని కథ, భావనారుషి కథ చెప్పేది వాళ్ళే. రాత్రి దీపం పెట్టి, పొడుగు పటం కట్టకు చుట్టి పట్టుకొని, ఒక్కొక్క బొమ్మే ఇప్పుకుంట, కట్టెతోని చూపెట్టుకుంట పాడేటోళ్ళు. మేము దుప్పట్లు కప్పుకొని ముందట కూసునేది. ఆ పటాలు గీసేది చేర్యాల నకాషోళ్ళు. ఒక్కొక్క పటం నలభై, యాభై అడుగులు కూడా ఉంటది. ఎనక రంగు అంత ఎరుపే.

ఆ పటం తయారు చేసుడు వింటే నేతోనికి నవ్వొస్తది, మన పనే కదా అని. ముందుగాల ఖద్దరు బట్ట తీసుకుంటరు. దానికి గంజి పెడతరు. తర్వాత సుద్దమట్టి, చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి ఒక పూత మీద ఇంకో పూత రుద్దుతరు. బట్ట గట్టిగ, నున్నగ అయినంకనే గీత మొదలైతది. మనం పడుగుకు గంజి పెట్టేది పోగు తెగొద్దని. వాళ్ళు బట్టకు గంజి పెట్టేది రంగు పారొద్దని. నేసేది మనం, ఆ బట్ట మీద మన కథే గీసేది వాళ్ళు, దాన్ని మన వాకిట్లనే పాడేది కూనపులోళ్ళు. ఇన్ని చేతులు కలిస్తే ఒక పటం. ఇప్పుడు కథ చెప్పించుకునేటోళ్ళు తగ్గిన్రు. అందుకే చేర్యాలల మిగిలిన కుటుంబాలు చిన్న చిన్న పటాలు, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి చేసే మొహాల బొమ్మలు ఎక్కువ చేస్తున్నరు.

ఇగ మన ఇంటి ఆడోళ్ళ సంగతి. ధనుర్మాసం నెలంత తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి, సాంపి చల్లి ముగ్గు ఏస్తరు. "15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చేదాకా" అని చెప్తే చాలు, సంతకం రాని ముసలమ్మ కూడా ఒక్క చుక్క తప్పకుండ పెడతది. సాంచా ఖాతాల ముప్పై ఏండ్లకు మీదనే పని చేసినోన్ని, ఆ లెక్క ఎంత కష్టమో నాకు ఎరుకే. మా కాడ డాబీ సాంచాల మీద డిజైన్ ఎక్కించాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గడులు నింపేటోళ్ళు. నింపిన గడి అంటే పడుగు పోగు పైకి లేస్తది, ఖాళీ గడి అంటే కిందికి ఉంటది. ఆ కాగితం చూసుకుంట కట్టె పట్టీలకు మేకులు పెట్టాలె. ఒక్క మేకు తప్పితే బట్ట పొడుగూత తప్పు వస్తనే ఉంటది. ముగ్గుల చుక్క తప్పినా గంతే, గీత వచ్చి కలువది. గ్రాఫ్ నింపేటాయనను డిజైన్ మాస్టర్ అన్నరు, ఆయనకు కుర్చీ ఏసిన్రు, జీతం ఇచ్చిన్రు. ముగ్గు ఏసిన మా అమ్మను ఎవరూ ఏ మాస్టర్ అనలే. తెల్లారినంక ఆ ముగ్గు మీదికెంచే అందరం నడిచి పోయినం.

మా మనుమరాలు ఇక్కడ మరాఠీ బడిల ఏడో తరగతి. బొమ్మల పిచ్చి. పోయిన చలికాలం ఊరికి పోయినప్పుడు నేనే దానికి ఒక పొడుగు నోటుబుక్కు, రెండు పెన్సిళ్ళు కొనిచ్చిన. మొదటి దినం సినిమా హీరో బొమ్మలే గీసింది. రెండో దినం ఏం తోచక పోయి మా అక్క కాడ కూసున్నది. మా అక్క ఊర్లనే ఉండిపోయింది, బతుకంత బీడీలు చేసింది. గడప కాడ ఎండపొడకు కూసోని, ఒళ్ళె చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతది. కండ్లు సరిగ్గ కనవడకపోయినా ఏండ్ల అలవాటుకు ఏళ్ళు వాటంతట అవే తిరుగుతయి.

పిల్ల గీస్తుంటే మా అక్క సిగ్గువడ్డది. "నన్నేం గీస్తవ్ బిడ్డా, ముసలిదాన్ని, దేవుని బొమ్మ గియ్యరాదు" అన్నది. "కదలకు అవ్వా, నీ చేతులే వస్తలేవు" అన్నది పిల్ల. మూడు దినాలు అదే పని. చెరిపింది, గీసింది, మళ్ళ చెరిపింది. మొహం తొందరగనే వచ్చింది కానీ ఆ ఏళ్ళు, దారం పట్టిన తీరు రానే లేదు. మూడో దినం సాయంత్రానికి వచ్చింది. చాట, కత్తెర, చెవుల పోగులు, వంగిన నడుము, అన్నీ ఉన్నయి.

ఎండాకాలం రాకముందే మా అక్క కాలం చేసింది. దినాల నాడు పెట్టుకునుటానికి ఫోటో దేవులాడితే ఆధార్ కార్డు మీదిది ఒక్కటే దొరికింది. అండ్ల ఆమె బెదిరిపోయి ఉన్నది, ఎవరో తిట్టినట్టు. అప్పుడు మా మేనల్లుడు ఫోన్ చేసి "మామా, ఆ పిల్ల గీసిన బొమ్మ పంపియ్యరాదే" అన్నడు. ఆ కాగితానికే అద్దం కట్టించి పూలదండ ఏసిన్రు. వచ్చినోళ్ళంత ఆ చేతుల దిక్కే చూసిన్రు. "గీ చాట ఆమె పెండ్లప్పటిది" అన్నది ఒకామె. మా కొడుకు అంతకుముందు బొమ్మలతోని కడుపు నిండుతదా అనేటోడు. ఆ దినం సంది ఆ మాట బందువెట్టిండు.

ఆ మాటల కూడా నిజం లేకపోలేదు. కడుపు సంగతి చూడాలె. గందుకే ఇక్కడి తల్లిదండ్రులకు పనికొచ్చే ముచ్చట ఒకటి చెప్త. మహారాష్ట్ర సర్కారు బడి పిల్లలకు ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ అని రెండు డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు పెడతది. ఇంటర్మీడియట్ పాసైతే పదో తరగతిల గ్రేడును బట్టి అదనపు మార్కులు కలుస్తయి. బడిల డ్రాయింగ్ సారును అడిగితే ఫారం సంగతి చెప్తరు. ఆ పరీక్షల ముందట పెట్టిన వస్తువును చూసి గీసుడు ఒకటి, డిజైన్ ఒకటి, జామెట్రీ ఒకటి, ఇంకొకటి స్మరణచిత్రం. అంటే చూసింది యాది పెట్టుకొని గీయాలె. సంత, జాతర, పండుగ, బావి కాడ ఆడోళ్ళు, ఇట్లాంటియి అడుగుతరు. ఊరికి పోని పిల్ల ఏం యాది చేసుకుంటది? ముగ్గు ఎరుకున్న పిల్లకు డిజైన్ కష్టం గాదు. ఇంకా ముందుకు పోవాలంటే ముంబైల 1857 సంది నడుస్తున్న జె.జె. స్కూల్ ఉన్నది, హైదరాబాద్‌ల ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నది. బొమ్మ చెయ్యి ఉన్నోళ్ళకు బట్టల డిజైన్, అచ్చు పని, సినిమా సెట్టింగు, బడి కొలువు, ఎన్నో దార్లున్నయి.

ఊర్ల ఆ పిల్లను ఎట్ల చూసుకోవాలె అంటే పెద్ద ఖర్చేం లేదు. పొద్దున ముగ్గు ఏసే కాడికి లేపి తీసుకపోండి. సకినాలు చుట్టేటప్పుడు తెల్లబట్ట పక్కన కూసోవెట్టండి, చేతులెట్ల తిరుగుతయో చూస్తది. పాత మగ్గం ఎవరింట్లనన్న అటుక మీద ఉంటే దించి చూపెట్టండి, నాడె చేతికియ్యండి. గీసింది మంచిగ రాకపోతే నలుగుట్ల నవ్వకండి. "ఇది ఎవరు బిడ్డా?" అని అడగండి, అదే చాలు. గీసిన కాగితం ఎనక ఆ మనిషి పేరు, ఊరు, తారీఖు రాయించి పెట్టండి.

ఇంకొక్క మాట. బూరుగుపల్లి ఆడోళ్ళను వైకుంఠం గీసిండు, మన సిద్దిపేట పండుగలను రాజయ్య గీసిండు. మన సాంచా ఖాతాను, భోంగా మోగంగనే టిఫిన్ డబ్బా పట్టుకొని ఉరికేటోళ్ళను, చెవులల్ల దూది పెట్టుకొని సైగలతోని మాట్లాడుకునే మన మనుషులను గీసిన బొమ్మ నేను ఇప్పటిదాకా ఒక్కటి కూడా చూడలే. అది చూసినోళ్ళం ఇంకా బతికే ఉన్నం. అడిగితే చెప్తం. జాబర్ ఎక్కడ నిలబడేది, తెగిన పోగు ఏ ఏళ్ళతోని ముడేసేది, చలికాలం రాత్రి పాళీల చాయ ఎక్కడ తాగేది, అన్నీ చెప్తం. పిల్లలు నోటుబుక్కు పట్టుకొని మా కాడికి రావాలె.