కొత్త చుట్టపెట్టెకు పదును పట్టించనిదే సరుకు దింపరాదు

1996 ఏప్రిల్‌లో న్యూయార్కులోని సోథెబీ సంస్థ వేలంలో ఒక చెక్కపెట్టె 5,74,500 డాలర్లకు పోయింది. అమెరికా అధ్యక్షుడు కెనడీకి 1961లో హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ బహూకరించిన చుట్టల పెట్టె అది. ఆ ధర కొయ్యకు పలికింది కాదు, కెనడీ పేరుకు పలికింది. హ్యూమిడార్ అని వ్యవహరించే ఈ పెట్టెకు వర్తకుని లెక్కలో వున్న విలువ వేరు. లోపల దించిన సరుకు నెలల తరబడి పదును తప్పకుండా నిలవాలి. కొత్త పెట్టె కొన్న రోజే ఆ పని చేయదు. ఈ సంగతి తెలియక మొదటి సరుకునే పాడు చేసుకున్నవారు విదేశీ చుట్టల వ్యాపారంలో కొద్దిమంది కారు.

పదును అంటే ఏమిటో గుంటూరు, ఒంగోలు పొగాకు వర్తకులకు చెప్పనక్కరలేదు. పదును లేని ఆకు చేతిలో నుసి అవుతుంది. పదును మించిన ఆకు మండెలో వేడెక్కి బూజు పడుతుంది. క్యూబా నుంచి, డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చే చుట్టకూ ఇదే ధర్మం వర్తిస్తుంది. దాని ధరలో పెద్ద భాగం పైన చుట్టిన పల్చని ఆకుదే. ఆ ఆకు పగిలితే లోపలి పొగాకు ఎంత మేలైనదైనా కొనేవాడు వుండడు. పెట్టెలోని గాలిలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య వుండాలని ఈ వ్యాపారంలో అనుభవమున్నవారు పాటించే లెక్క.

చిక్కు కొయ్యతో వస్తుంది. హ్యూమిడార్ లోపలి వైపు సాధారణంగా స్పానిష్ సీడార్ చెక్క వేస్తారు. పేరులోని రెండు మాటలూ తప్పే. అది స్పెయిన్‌లో పెరిగేది కాదు, దేవదారు జాతీ కాదు. మధ్య, దక్షిణ అమెరికాలలో పెరిగే చెట్టు, మన వేప కుటుంబానికి చెందినది. తేమను పీల్చి, అవసరమైనప్పుడు తిరిగి వదిలే గుణం, కమ్మని వాసన దానిని ఈ పనికి తెచ్చాయి. ఈ కలప అంతర్జాతీయ రవాణాపై 2020 ఆగస్టు నుంచి సైటిస్ ఒప్పందం కింద అనుమతి పత్రాల నిబంధన వున్నది.

కార్ఖానాలో చెక్కను బాగా ఆరబెట్టిగాని పెట్టె చేయరు. 40 శాతం తేమ వున్న గాలిలో నిలిచిన చెక్కలో దాని ఎండు బరువుపై దాదాపు 8 శాతం నీరు వుంటుంది. 70 శాతం తేమ గాలిలో అది 13 శాతం దాకా పెరుగుతుంది. లోపలి చెక్క ఎండు బరువు 2 కిలోలు అనుకుంటే, అది స్థిరపడేలోగా 100 గ్రాముల నీరు తాగాలి. ఇప్పుడు సరుకు వైపు చూడాలి. ఒక్కొక్కటి 10 గ్రాముల చొప్పున 25 చుట్టలు 250 గ్రాములు. వాటిలో వున్న నీరు మొత్తం కలిపినా 35 గ్రాములకు మించదు. కొయ్య అడిగేది 100, సరుకు దగ్గర వున్నది 35. కొత్త పెట్టెలో చుట్టలు దించితే ఏమి జరుగుతుందో ఈ లెక్క చెప్పేస్తున్నది. పెట్టెతో వచ్చే చిన్న తేమపరికరం ఈ దాహాన్ని ఒంటరిగా తీర్చలేదు.

అందువల్ల ముందుగా పెట్టెకే నీరు పట్టించాలి. దానికన్నా ముందు తేమను చూపే హైగ్రోమీటరును సరిచూసుకోవాలి. తూకం సరిచూడకుండా సరుకు తూచినట్లే అవుతుంది కదా! చిన్న మూతలో వంట ఉప్పు పోసి, ముద్దగా అయ్యేటన్ని నీటి చుక్కలు మాత్రమే కలపాలి, ఉప్పు కరిగిపోకూడదు. దానిని, మీటరును గాలి చొరని డబ్బాలో ఒక రోజు వుంచితే ముల్లు 75 చూపాలి. చూపకపోతే ఆ తేడాను గుర్తుంచుకోవాలి.

తరువాత డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన కొత్త స్పాంజిని సాసరులో పెట్టి, చెక్కకు తగలకుండా పెట్టెలో వుంచి మూత వేయాలి. స్పాంజి ఆరితే మళ్ళీ తడపాలి. చిన్న పెట్టెకు మూడు నాలుగు రోజులు, పెద్దదానికి వారం, పది రోజులు పడుతుంది. కుళాయి నీరు పనికిరాదు. అందులోని లవణాలు తేమపరికరాన్ని పూడ్చివేస్తాయి. 84 శాతం తేమ నిచ్చే పొట్లాలు కూడా దొరుకుతున్నాయి. వాటిని రెండు వారాలు వుంచి తీసివేసి, తక్కువ శాతం పొట్లాలకు మారాలి. ఖర్చు ఎక్కువే అయినా అలవాటు లేనివారికి ఇదే క్షేమం.

తడిగుడ్డతో లోపల తుడిస్తే ఒక్క రోజులో పని అవుతుందని చెప్పేవారున్నారు. పాత పద్ధతే గాని, చేయి కాస్త తడి ఎక్కువైతే పల్చని పలక వంకర పోతుంది, మూత బిగువు తప్పుతుంది. మూత సరిగా కూర్చోని పెట్టెకు తేమ పట్టించడం చిల్లు కుండలో నీరు పోయడమే. వారం రోజుల తొందరకోసం పెట్టెనే పణంగా పెట్టడం తెలివైన బేరం కాదు.

స్పాంజి తీసిన తరువాత పెట్టెను మామూలు తేమపరికరంతో ఒకటి రెండు రోజులు ఖాళీగా మూసి వుంచాలి. ముల్లు 65–70 మధ్య నిలకడగా వుంటే సరుకు దించవచ్చు. రోజురోజుకూ దిగుతూ వుంటే కొయ్య దాహం తీరలేదన్న మాట. వర్షాకాలంలో విశాఖపట్నం, కాకినాడలలో ఇబ్బంది రెండో వైపు నుంచి వస్తుంది. అక్కడ బయటి గాలిలోనే తేమ ఎక్కువ గనుక స్పాంజిని రోజూ చూసుకోకపోతే బూజు పడుతుంది. ఎండాకాలంలో హైదరాబాదులోనూ, ఏడాది పొడుగునా ఎయిర్ కండిషనరు నడిచే దుకాణాలలోనూ కొయ్య త్వరగా ఎండుతుంది.

వేడి సంగతి కూడా మరువరాదు. ఉష్ణోగ్రత 24, 25 డిగ్రీలు దాటితే నిల్వ పొగాకును తొలిచే పురుగు వృద్ధి పొందుతుంది. పెట్టెకు ఎంత పదును పట్టించినా దానిని ఆపలేదు. ఇక కొంతకాలం సరుకు లేక ఖాళీగా, తేమ లేకుండా మూలపడి వున్న పెట్టెను కొత్త పెట్టెగానే లెక్కగట్టి స్పాంజి దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టవలసి వుంటుంది.