ఊపిరితిత్తుల్లేని హ్యాగిస్!

జనవరి 25 రాత్రి. అమెరికాలో ఏదో ఒక ఊరు. అక్కడి స్కాట్లాండ్ వాళ్లంతా ఓ హాల్లో చేరతారు. మగవాళ్లు గళ్ల కిల్టులు కట్టుకుని వస్తారు. బ్యాగ్‌పైపర్ ముందు నడుస్తుంటే, వెనకాలే వంటాయన పళ్లెంలో పొగలు కక్కుతున్న ఓ గుండ్రటి ముద్దను పెళ్లికూతుర్ని తీసుకొచ్చినంత మురిపెంగా తీసుకొస్తాడు. అందరూ లేచి నిలబడతారు. ఒకాయన ఆ ముద్దకు ఎదురుగా నిలుచుని గొంతెత్తి పద్యం అందుకుంటాడు. మధ్యలో కత్తి తీసి... ఒక్క పోటు! లోపలున్నదంతా బయటికి పొంగుతుంది. చప్పట్లు, విస్కీ గ్లాసుల గలగలలు.

ఇంత హడావుడీ ఒక వంటకం కోసం. పేరు హ్యాగిస్. తమాషా ఏంటంటే, అంత భక్తిగా తినే ఆ హ్యాగిస్‌లో అసలు సరుకు ఒకటి తక్కువ. దాన్ని వెయ్యడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు!

ఏమిటది అంటారా... ముందు హ్యాగిస్ సంగతి చూద్దాం. గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు ఉడికించి సన్నగా కొడతారు. వేయించిన ఓట్స్ నూక, ఉల్లిపాయలు, గొర్రె కొవ్వు, ఉప్పు, దండిగా మిరియాలు కలుపుతారు. ఆ ముద్దను శుభ్రంచేసిన గొర్రె పొట్టలో కూరి, మూతి కుట్టేసి, మూడు గంటలపాటు ఉడికిస్తారు. ఓట్స్ ఉబ్బుతాయి కాబట్టి పొట్ట నిండా కూరకూడదు. సూదితో అక్కడక్కడా పొడవకపోయినా గిన్నెలోనే టప్పున పేలిపోతుంది. పక్కన మెత్తగా మెదిపిన బంగాళదుంపలు, పసుపురంగు టర్నిప్ ఉండాల్సిందే. రుచా? ఖీమాలో ఉప్మారవ్వ కలిపి మిరియాలు గుమ్మరించినట్టు ఉంటుందనుకోండి. చూపుకి మాత్రం అంత బావుండదు.

నిజానికిది పేదవాడి తెలివి. గొర్రెను కోసినప్పుడు అన్నిటికన్నా ముందు పాడయ్యేవి ఈ లోపలి భాగాలే. వాటిని ఆ రోజే వండెయ్యాలి. పారెయ్యడానికి మనసొప్పదు. కాస్త ఓట్స్ కలిపితే నలుగురికి సరిపోయేది పదిమందికొస్తుంది. వండే సంచీ కూడా గొర్రెదే! బోటి, తలకాయ, కాళ్లు... దేన్నీ వదలని మన తెలంగాణ ఇళ్లలో ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ పేద వంటకు పట్టం కట్టినవాడు రాబర్ట్ బర్న్స్. 1759 జనవరి 25న పుట్టిన రైతుబిడ్డ, స్కాట్లాండ్ జాతీయ కవి. 1786లో హ్యాగిస్ మీద ఓ పద్యమే రాశాడు. ఫ్రెంచి వంటలు తినే షోకిలారాయుళ్లను ఎగతాళి చేస్తూ, మా పల్లెవాడి బలమంతా ఇందులో ఉందన్నాడు. ముప్ఫయ్యేడేళ్లకే పోయాడు. 1801లో మిత్రులు ఆయన పుట్టిన ఇంట్లోనే కలిసి హ్యాగిస్ తిని తలుచుకున్నారు. ఆ విందే తరవాత దేశాలు దాటింది.

ఇప్పుడు చట్టం దగ్గరకొద్దాం. 1971లో అమెరికా వ్యవసాయశాఖ, పశువుల ఊపిరితిత్తులు మనుషుల తిండిలో వాడకూడదంది. కోసేటప్పుడు కడుపులోని ద్రవాలు వాటిలోకి చేరతాయన్నది ఒక కారణం. 1989లో పిచ్చి ఆవు వ్యాధి భయంతో బ్రిటన్ నుంచి గొర్రెమాంసమే రానివ్వలేదు. 2022లో ఆ తలుపు తెరిచారు కానీ ఊపిరితిత్తుల నిషేధం పోలేదు. కెనడాదీ అదే పట్టు. చివరికి 2017లో ఎడింబరోకి చెందిన మాక్‌స్వీన్ సంస్థ ఊపిరితిత్తులు తీసేసి, బదులుగా గుండె వేసి కెనడాకు పంపింది.

మరి అదీ హ్యాగిసేనా? ఊపిరితిత్తుల వల్లే ఆ తేలికదనం వస్తుందనీ, కార్జం ఎక్కువైతే చేదెక్కుతుందనీ పట్టుదలగలవాళ్లు వాదిస్తారు. దూరాన ఉన్నవాళ్లకు అంత పట్టింపు ఎక్కడిది! గుండె, కార్జంతో సరిపెట్టుకుంటారు. పొట్ట దొరక్కపోతే గిన్నెలోనే వండేస్తారు. గోంగూర తాజాగా దొరకని ఊళ్లో సీసా పచ్చడి మూత తీసి కళ్లు మూసుకునేవాళ్లను అడగండి, ఎందుకో చెబుతారు. స్కాట్లాండ్‌లో హ్యాగిస్ రోజువారీ సరుకే. సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది, చేపలు వేయించే కొట్లో పిండిలో ముంచి వేయించి చిప్స్‌తో ఇస్తారు. బ్యాగ్‌పైపులూ పద్యాలూ లేకుండా నిలబడి తినేసి పోతారు. సముద్రం దాటాకే దానికింత రాజభోగం!

న్యూజిలాండ్‌లోని డునెడిన్ మాటే చూడండి. 1848లో స్కాట్లాండ్ వాళ్లు కట్టుకున్న ఊరు. పేరు కూడా ఎడింబరోకి ఉన్న గేలిక్ పేరే. వాళ్లకు పెద్దగా వెళ్లిన మతగురువు థామస్ బర్న్స్ ఎవరో కాదు, మన కవిగారి తమ్ముడి కొడుకు. 1887లో ఊరి నడిబొడ్డున బర్న్స్ విగ్రహమూ పెట్టారు. గొర్రెలకు కొదవలేదు. చిక్కల్లా ఒకటే... జనవరి అక్కడ ఎండాకాలం. గడ్డకట్టే చలిలో తినాల్సిన వేడివేడి ముద్దను చెమటలు తుడుచుకుంటూ తింటారు.

మాంసం తిననివాళ్లేం చెయ్యాలి? వాళ్లకూ ఉంది. 1984లో ఎడింబరోలో స్కాటిష్ పొయెట్రీ లైబ్రరీ ప్రారంభం సందర్భంగా ఆ మాక్‌స్వీన్ వాళ్లే రాజ్మా, పప్పులు, కూరగాయలు, ఓట్స్‌తో శాకాహార హ్యాగిస్ చేశారు. పెద్దలు ముక్కు విరిచారో లేదో గానీ ఈనాటికీ అమ్ముడవుతోంది.

సరదాగా మనింట్లో చేసి చూడాలంటే? న్యూయార్క్‌లో దొరకనిది హైదరాబాద్ మటన్ కొట్లో అడిగితే ఇస్తారు. అరకిలో గుండె, కార్జం, ఊపిరితిత్తులు బాగా కడిగి మెత్తగా ఉడికించి ఖీమాలా కొట్టండి. పావుకిలో ఓట్స్ దోరగా వేయించండి. రేకుల్లాంటివి కాదు, నూకలా ఉండేవైతే మేలు. రెండు ఉల్లిపాయలు, వంద గ్రాముల కొవ్వు, ఉప్పు, మిరియాలపొడి, ఉడికించిన నీళ్లు కాసిని కలిపి, గిన్నెలో పెట్టి మూత బిగించి ఇడ్లీపాత్రలో రెండు గంటలు ఆవిరి పట్టండి. అల్లంవెల్లుల్లి వెయ్యాలని చెయ్యి లాగుతుంది. మొదటిసారికి ఆగండి.

మిగిలితే మర్నాడు చిన్న ఉండలు చేసి, శనగపిండిలో ముంచి నూనెలో వేయించండి. ఇది మా సొంత కవిత్వం కాదు. గ్లాస్గోలోని ఇండియన్ రెస్టారెంట్లలో హ్యాగిస్ పకోడీ అని మెనూలోనే ఉంటుంది!