పొగలేని నిప్పు

తర్కశాస్త్రము చదివినవారికి పొగ యున్నచోట నిప్పుండునను మాట సుపరిచితము. నిప్పున్నచోట నెల్ల పొగ యుండదనియు, ఎఱ్ఱగా కాగిన యినుపగుండే యిందుకు సాక్షియనియు తార్కికులు చెప్పిరి. పొగ పుట్టుటకు పచ్చికట్టెతోడి సంబంధము కావలెనని వారి నిర్ణయము. ఊదుగొట్టముతో ఊది ఊది కన్నులు నలుపుకొనిన స్త్రీలకు శాస్త్రము చదువకయే యిది తెలియును. పచ్చికట్టెలోని నీరు ఆవిరి యగుటకే వేడి వ్యయమగును. కట్టెనుండి వెలువడు వాయువులు మండుటకు చాలినంత వేడి మిగులదు.

అయితే రసాయనశాస్త్రము ఇందు చేర్చవలసిన మాట యొకటి కలదు. పొగ లేనంతమాత్రమున నిప్పు నిరపాయమని తలపరాదు.

కట్టె, బొగ్గు, కిరసనాయిలు, వంటగ్యాసు, వీనియన్నిటను కర్బనము కలదు. అది గాలిలోని ప్రాణవాయువుతో కూడుటయే మండుట. గాలిలో ఇంచుమించు ఐదింట నొకవంతు మాత్రమే ప్రాణవాయువు. 12 పాళ్ల కర్బనమునకు 32 పాళ్ల ప్రాణవాయువు దొరకినచో బొగ్గుపులుసు వాయువు పుట్టును; ఇది పూర్ణదహనము. 16 పాళ్లే దొరకినచో కార్బన్ మోనాక్సైడను వేఱొక వాయువు పుట్టును. రావలసిన వేడిలో మూడవవంతైనను రాదు. గ్యాసుపొయ్యి మంట నీలముగా నుండక పసుపుపచ్చనైనచో, ఆ వన్నె మండని మసిరేణువులు కాగి మెఱయుటవలన కలిగినది. గిన్నె యడుగు తోముకొనుటతో సరిపెట్టుకొనక, పొయ్యి గాలిరంధ్రములు మూసికొనినవేమో చూడవలెను.

కుంపటిలో బొగ్గులు రాజుకొనిన పిదప పైన చిన్న నీలిమంటలాడుట సోదరీమణులు చూచియే యుందురు. అవి యీ మోనాక్సైడు మంటలే. అడుగునుండి వచ్చిన గాలి బొగ్గుపులుసు వాయువును పుట్టించును. అది పైనున్న ఎఱ్ఱని బొగ్గులగుండ పోవుచు మరల కర్బనమును గ్రహించి మోనాక్సైడగును. పైకి వచ్చి గాలి తగిలి మండును. మండగా మిగిలినది గదిలో చేరును. దీనికి రంగు లేదు, వాసన లేదు. గ్యాసుబండ కారినచో తెలియుటకై అందు ఘాటైన ద్రవ్యమును కలుపుదురు. దీనికి ఆ యుపకారము చేయువారు లేరు! మన రక్తములోని హెమోగ్లోబిను ప్రాణవాయువుకంటె దీనిని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. మొదట తలనొప్పి, వికారము, కన్నులు తిరుగుట, పిమ్మట మగత. నిద్రించువారికి ఈ గుర్తులును తెలియవు.

కావుననే బాలెంతరాలి గదిలో తలుపులు మూసి రాత్రియెల్ల కుంపటి నుంచు నాచారమును మేము అంగీకరింపజాలము. తల్లికిని బిడ్డకును చలిగాలి తగులరాదను పెద్దల యుద్దేశము మంచిదే. పూర్వపు టిండ్లలో పెంకుల సందులనుండి గాలి యాడుచుండెను. గాజుకిటికీలు బిగించిన నేటి డాబాగదులలో ఆ సందులు లేవు. సాంబ్రాణి వేయవలసి యున్నచో తలుపు తెఱచి వేసి, వెంటనే కుంపటిని బయట పెట్టింపుడు. తల్లికి వెచ్చదనము దుప్పటులతోనే చేకూరును. స్నానపుగదిలో గ్యాసుతో నీరు కాచు యంత్రమునకును గాలి రాకపోకలు ఇట్లే యుండవలెను. ఎవరికైన తల తిరిగినచో మొదట బయటిగాలిలోనికి తీసికొనిపోయి, పిదప వైద్యుని పిలువవలెను. మగతగా నున్నవారిని అలసి నిద్రించుచున్నారని విడిచిపెట్టరాదు.