ఊరూ పనీ అడగని జైలు వైద్యం

దివిసీమ పొలాల్లో నాట్లేసే దళిత కూలీని ఏదో కేసులో మచిలీపట్నం జైలుకో గుడివాడ జైలుకో పంపారనుకుందాం. వారానికి జ్వరమొస్తుంది. పారాసెటమాల్ ఇస్తే వైద్యం అయిపోయినట్టేనా? కాదంటున్నాం. ముందు ఊరూ పనీ అడగాలి.

ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో దిగినవాళ్లకి 2 నుంచి 30 రోజుల్లో ఎలుకజ్వరం (లెప్టోస్పైరోసిస్) రావొచ్చు. పిక్కల నొప్పి, ఎర్రబడ్డ కళ్లు, కామెర్లు దాని గుర్తులు. ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పొలంలో అంటుకున్నది జైల్లో బయటపడొచ్చు. జైలు మురుక్కాల్వ ఎత్తేవాడికి అక్కడే అంటొచ్చు. ఖైదీలకు కులాన్ని బట్టి పనులు అప్పజెప్పడం రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు ఆరోగ్యానికీ సంబంధించిందే.

బోదకాలు డెల్టాకు పాత జబ్బు. దాని క్రిములు రక్తంలో ఎక్కువగా తిరిగేది రాత్రి 10 నుంచి 2 దాకా. లాకప్ వేశాక రక్తం తీసేదెవరు? పగటి రక్తపు చుక్కలో కనపడలేదు గనక జబ్బు లేదనుకుంటే పొరపాటే. పగలైనా పనికొచ్చే స్ట్రిప్ పరీక్ష ఉంది, అది అడగాలి.

2022 చివర దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలే. శిక్షే పడనివాళ్లకు రోగం శిక్ష కాకూడదు. ములాఖత్‌కెళ్లే కార్యకర్తలు కేసు నంబరుతో పాటు జ్వరమెప్పట్నుంచో, రక్తపరీక్ష చేశారో లేదో కూడా రాసుకోవాలి.